చెట్టుకు లెక్క గలదు, బిడ్డకు లేదా?

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానముపై విరుచుకుపడెను. అటుపిమ్మట అధికారులు తోట తోట తిరిగి, కూలిన కొబ్బరిచెట్లను, జీడిచెట్లను లెక్కించిరి. లెక్కలో ఒక్క చెట్టు తప్పినను రైతు ఊరకుండడు. ఊరకుండవలసిన పనియు లేదు. కాని ఆ చెట్ల నీడను పుట్టిన బిడ్డకు ఏ టీకా ఏనాడు పడినదో చెప్పుమన్నచో, పలాస, టెక్కలి పట్టణములలోగాని, వజ్రపుకొత్తూరు, కవిటి తీరములందుగాని తడుముకొనక చెప్పగల తండ్రులు ఎందరు?

శిశువు పుట్టినంతనే మూడు రక్షణలు అందవలెను: క్షయను నిరోధించు బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా. ఈ కడపటిది 24 గంటలలోపలనే పడవలెను. పుట్టుకవేళ తల్లినుండి ఆ వ్యాధి సోకిన శిశువులలో నూటికి సుమారు 90 మందికి అది విడువని రోగమై నిలుచును. పెద్దతనమున కొందరి కాలేయమును హరించును. జారిపోయిన ఆ దినము మరల రాదు.

టీకాలు లేవని మేము అనుట లేదు. 1985 నుండి సార్వత్రిక టీకా కార్యక్రమము నడచుచున్నది. ఎండలో ఇసుకదారులు త్రొక్కి తిరుగు ఏ.ఎన్.ఎం.లను, ఆశా కార్యకర్తలను నిందించుట అంతకన్న లేదు. లోపము లెక్కలోనున్నది.

తొలికాన్పునకు ఆడబిడ్డ పుట్టింటికి పోవుట మన ఆచారము. పుట్టిల్లు సోంపేట, మెట్టినిల్లు టెక్కలి అనుకొందము. బిడ్డ పేరు సోంపేట పుస్తకమున మిగిలిపోవును; టెక్కలి పుస్తకమున చేరదు. ఇంతలో కూలికై కుటుంబము హైదరాబాదునకో చెన్నపట్టణమునకో తరలిపోవును. 10వ వారపు టీకా ఒక ఊర, 14వ వారపు టీకా వేరొక ఊర! తొమ్మిది నెలలు నిండి తట్టు-రుబెల్లా టీకా వేళకు ఆ బిడ్డ ఎవరి లెక్కలోనిది? రెండు లెక్కలలో నుండవచ్చును. ఏ లెక్కలోను లేకపోవచ్చును. అట్టి పుస్తకములనుండి తీసిన "నూటికి నూరు" అను అంకెకు విలువ యేమి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 12 నుండి 23 నెలల పిల్లలలో నూటికి 76 మందికి మాత్రమే ప్రధాన టీకాలు పూర్తియైనట్లు తేలినది. కార్డు లేనిచోట తల్లి జ్ఞాపకమునే అందు ప్రమాణముగా గైకొనిరి. సర్వేకు అది తప్పదు. కాని గజము భూమికి నోటిమాట చాలదని దస్తావేజు అడుగు మనము, బిడ్డ ప్రాణమునకు నోటిమాటతో తృప్తిపడుట న్యాయమా?

ఇది సర్కారువారి పని యందురా? 1975లో మశూచి ఈ దేశమును విడిచినది. 2011 జనవరి తరువాత సహజ పోలియో కేసు కానరాలేదు. ఇంటింటికి పోయి, గోడపై సుద్దతో గుర్తువేసి, బిడ్డ వ్రేలికి సిరా పూసిననే గదా పోలియో తొలగినది! నేడు యు-విన్ అను ఆన్‌లైను చిట్టా వచ్చినది. ఏ ఊర టీకా వేసినను అందే నమోదు చేయవచ్చును. కాని యంత్రము వ్రాసినదానినే చూపును, వ్రాయనిదానిని ఊహింపజాలదు.

ఉద్దానమునకు వేరొక పాఠము అక్కరలేదు. మూత్రపిండ వ్యాధికి కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రి తెరచిరి, సంతోషమే. రోగులైన పిదప పేర్లు వ్రాసికొనుట ఈ సీమ నేర్చినది. పుట్టిననాడే వ్రాసికొనుట ఎన్నడు నేర్చును?

మేము కోరునవి నాలుగు. తల్లి ఆసుపత్రి గడప దాటకముందే తొలి టీకాల తేదీ, వేళ కార్డున నెక్కవలెను. జనన నమోదు 21 దినముల గడువులోపల ముగియవలెను. బిడ్డ ఊరు మారినప్పుడు చేరిన ఊరివారికి కబురందవలెను. కార్డు చూచి వ్రాసిన లెక్కను, మాట విని వ్రాసిన లెక్కను వేరువేరుగా ప్రకటింపవలెను.

ఇక పఠన మందిరములలో ఈ పత్రిక చదువు సోదరులారా! పట్టాదారు పాసుపుస్తకమును ఇనుపపెట్టెలో దాచుచున్నారు గదా. ఈ రాత్రియే బిడ్డ కార్డు వెదకి, దాని ప్రక్కన నుంచుడు. దొరకనిచో వచ్చు బుధవారమునకై ఎదురుచూడక రేపే ఏ.ఎన్.ఎం.ను కలిసికొనుడు. తన బిడ్డల లెక్క తానెరుగని జాతి స్వరాజ్యమును నిలుపుకొనజాలదు.