మన పూర్వీకులందరూ సేనాపతులేనా?

మన తెలుగు ఇళ్ళల్లో పెద్దవాళ్ళను “మనం ఇక్కడికి ఎలా వచ్చాం?” అని అడగండి. చాలామంది ఒకే జవాబు చెప్తారు: “విజయనగర రాజుల కాలంలో సేనాపతులుగా వచ్చాం.” వేలూరు కోట విజయనగర కాలంలో కట్టినదే. నాయకుల వెంట తెలుగువాళ్ళు ఇటు వచ్చిందీ నిజమే. కానీ అందరూ సేనాపతులే అయితే కోటకు రాళ్ళు మోసిందెవరు? కనియంబాడి చుట్టుపక్కల ముళ్ళకంపలు కొట్టి, బావులు తవ్వి, మడి కట్టిందెవరు? వాళ్ళ కథ చెప్పడానికి మనకెందుకు సిగ్గు?

అమెరికావాళ్ళు సిగ్గుపడలేదు. అక్కడ 1862లో ఒక చట్టం వచ్చింది. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేసినవాళ్ళకు 160 ఎకరాలు ఇస్తామన్నారు. ఎన్నో కుటుంబాలు బండ్లు కట్టుకుని పడమటికి పోయాయి. అలాంటి ఒక కుటుంబంలో 1867లో పుట్టిన లారా ఇంగల్స్ వైల్డర్ తన చిన్ననాటి బతుకును కథలుగా రాసింది. మొదటి పుస్తకం 1932లో వచ్చేసరికి ఆమెకు 65 ఏళ్ళు. అందులో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. మాంసం ఎలా దాచుకున్నారు, వెన్న ఎలా తీశారు, ఇవే ఉన్నాయి. అయినా లోకమంతా చదివింది.

మనకూ అలాంటివాడు ఉన్నాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తెలుగుదేశం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు అడవిని కాల్చి, పొలం చేసి, ఊరు కట్టుకున్న కథను ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు. రాసింది తమిళంలో. తమిళం మనకు అన్నం పెట్టే భాష, దానిమీద నాకు కోపం లేదు. కానీ తెలుగు రాయడం నేర్చుకుంటున్న మనం మన ఇంటి కథను తెలుగులో రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

“దానివల్ల మార్కులొస్తాయా?” అని కొందరు అడుగుతారు. రావు. కానీ “మీరు ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు” అని ఎవరైనా అంటే, ఉత్త గొప్పలు నిలబడవు. తవ్విన బావి నిలబడుతుంది.

ఒక్క మాట. రాస్తే పూర్తి నిజం రాయాలి. లారా కుటుంబం కాన్సాస్‌లో గుడిసె వేసుకున్న నేల ఓసేజ్ అనే ఆదివాసులది. మనవాళ్ళు వచ్చేనాటికి ఇక్కడ ఎవరున్నారు? మన పొలంలో కూలి చేసిందెవరు? వాళ్ళకు దక్కిందేమిటి? ఇవి వదిలేస్తే అది చరిత్ర కాదు, పొగడ్త.

కాబట్టి మిత్రులారా, ఈ సెలవుల్లో మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరినుంచి వచ్చారు? మొదట ఏం పంట వేశారు? నీళ్ళు ఎక్కడ దొరికాయి? కరువులో ఏం తిన్నారు? ఎవరు ఆదుకున్నారు? చెప్పింది చెప్పినట్టు, మన ఇంటి మాటల్లోనే నోటుబుక్కులో రాయండి. అమ్మానాన్నలారా, మీరూ అవ్వాతాతల పక్కన కూర్చోండి. ఉపాధ్యాయులు దయచేసి ఈ పత్రికలో ఏటా రెండు పేజీలు దీనికే ఇవ్వాలి. సేనాపతుల పేర్లు శాసనాల్లో ఉంటాయి. మన అవ్వలకు శాసనాలు లేవు, మనమే ఉన్నాం.