పదిహేడు రూపాయల డెబ్బై పైసలు

మన కథల్లో షావుకారు ఉన్నాడు. పాటల్లో ఉన్నాడు. సంతలో తక్కెడ పట్టుకుని కూర్చునేవాడు, కుంచెడు చింతపండు కొలిపించుకుని సోలెడు ఉప్పు చేతిలో పోసేవాడు, వేలిముద్ర వేయించుకుని భూమి రాయించుకునేవాడు. వాడి మీద మనం చాలా రాశాం. రాయాల్సిందే. కానీ వాడి పక్కన ఇంకొకరు వచ్చి కూర్చుని పదేళ్లు దాటింది. ఆయన మీద మన పుస్తకాల్లో ఒక్క పేజీ లేదు. ఆయనకు తక్కెడ లేదు, కంప్యూటరుంది. మన చేతిలోంచి ఏదీ లాక్కోడు. మనం ఇంట్లో నిద్రపోతుంటే ఖాతాలోంచి తీసుకుంటాడు. తీసుకున్నట్టు మన పాసుబుక్కులోనే రాసిస్తాడు కూడా. ఆ రాత ఇంగ్లీషులో, సగం సగం అక్షరాల్లో ఉంటుంది. మా ఊళ్లో అది చదవగలిగినవాళ్లు నలుగురు. ఆ నలుగురూ చదవలేదు. వాళ్లలో నేనొకణ్ని.

2014 ఆగస్టు 28న జనధన్ పథకం మొదలైంది. ప్రతి గూడెంలో ఖాతాలు తెరిపించారు. ఆధార్ తెమ్మన్నారు, వేలు పెట్టమన్నారు, పెట్టాం. ఉపాధి కూలి, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్పు అన్నీ అందులోనే పడతాయన్నారు. పడ్డాయి కూడా, కాదనను. దళారీ చేతిమీదుగా కూలి తీసుకున్న రోజుల కంటే ఇది నయమే. కానీ ఖాతా మనం అడిగి తెచ్చుకున్నది కాదు, ఖాతా లేకపోతే కూలి లేదని తెరిపించినది. అలాంటి ఖాతాలో నుంచి సేవా రుసుము తీస్తే దాన్ని రుసుము అనాలా, మామూలు అనాలా?

ఒక లెక్క చెబుతాను. జనధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాలో నెలకు నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. నాలుగు దాటాక భారతీయ స్టేట్ బ్యాంకు ఒక్కోసారికి 17 రూపాయల 70 పైసలు కోసింది. పదిహేను రుసుము, మిగతాది జీఎస్టీ. ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆశిష్ దాస్ ఈ లెక్క బయటికి తీశారు. 2015 నుంచి 2020 వరకు దాదాపు 12 కోట్ల పేద ఖాతాల నుంచి 300 కోట్ల రూపాయలకు పైగా ఇలా వసూలైంది. రూపే కార్డు, యూపీఐ వాడితే రుసుము వేయకూడదని, 2020 జనవరి 1 తర్వాత అలా తీసుకున్నది తిరిగివ్వాలని ఆదాయపన్ను బోర్డు 2020 ఆగస్టు 30న చెప్పాక బ్యాంకు సుమారు 90 కోట్లు వెనక్కిచ్చింది. అంతకు ముందు కాలానికి సంబంధించిన 164 కోట్లు 2021 నవంబరు నాటికీ తిరిగి రాలేదు. అవి ఎవరి డబ్బులు? ఐదోసారి, ఆరోసారి డబ్బు తీసుకున్నవాళ్లవి. నెలలో ఆరుసార్లు బ్యాంకుకు వెళ్లేది ఎవరు? ఒకేసారి ఐదువేలు తెచ్చి ఇంట్లో దాచుకోలేనివాళ్లు. ఈ సంతకు రెండొందలు, వచ్చే సంతకు మూడొందలు తీసుకునేవాళ్లు.

మనవాళ్లు ఇక్కడే ఒక మాట అంటారు. "పోనీలేరా, పదిహేడు రూపాయలే కదా." ఈ ఒక్క మాట మీదే మొత్తం వ్యాపారం నడుస్తోంది. కనీస నిల్వ లేదన్న నెపంతో అదే బ్యాంకు 2017 ఏప్రిల్ నుంచి నవంబరు వరకు 1,771 కోట్లు వసూలు చేసింది. ఆ ఏడాది జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో ఆ బ్యాంకుకు వచ్చిన నికర లాభం కంటే ఇది ఎక్కువ. దేశమంతా గోల చేశాక 2020 మార్చిలో ఆ జరిమానా ఎత్తేశారు. 2025లో మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులు కూడా ఎత్తేశాయి. ఎత్తేసినవాళ్లు రేపు మళ్లీ పెట్టరన్న హామీ ఎక్కడుంది? 2012లో ఒకసారి ఎత్తేసి 2017లో మళ్లీ పెట్టినవాళ్లే కదా.

ఇప్పుడు నియమాల సంగతి. బ్యాంకు కోత కోస్తే అది చట్టమే అయ్యుంటుందని మనం అనుకుంటాం. గోడ మీద ఏసీ, బల్ల వెనక టై, కంప్యూటరు చెప్పిన మాట. చాలాసార్లు ఆ కోతే నియమానికి విరుద్ధం. ప్రాథమిక పొదుపు ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. మామూలు ఖాతాలోనైనా నిల్వ తగ్గిందని ముందు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. ఎంత తగ్గిందో దానికి తగ్గట్టే జరిమానా వేయాలి. ఆ జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదు. ఇవన్నీ 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. చాలాకాలంగా వాడని ఖాతా మీద కనీస నిల్వ జరిమానా లేదు, దాన్ని మళ్లీ తెరవడానికి రుసుమూ లేదు. స్కాలర్‌షిప్పు కోసం, ప్రభుత్వ సాయం కోసం తెరిచిన సున్నా నిల్వ ఖాతాను రెండేళ్లు వాడలేదన్న సాకుతో మూలన పడేయకూడదు. హాస్టలు పిల్లలకు ఎన్నిసార్లు "నీ ఖాతా పనిచేయట్లేదు" అని చెప్పి పంపారో మాస్టార్లకు తెలుసు. బ్యాంకు తరఫున ఊళ్లో వేలిముద్ర మిషను పెట్టుకున్న బ్యాంకు మిత్ర మన దగ్గర నేరుగా రుసుము తీసుకోకూడదు. వెయ్యికి ఇరవై పట్టుకుని మిగతాది ఇచ్చే మిత్రలు ఎన్ని సంతల్లో లేరు? పాపం, వాళ్లకు బ్యాంకు ఇచ్చే కమీషను ఏ మూలకూ చాలదు, నిజమే. దానికి వాళ్లు బ్యాంకును అడగాలి, పింఛను ముసలమ్మను కాదు.

ప్రతి కోతా అన్యాయం అని నేననను. చెక్కుబుక్కు అడిగి తీసుకుంటే దాని రుసుము ఉంటుంది. కానీ ఏది న్యాయమో ఏది కాదో చెప్పాల్సిన బాధ్యత కోసినవాడిది. మనం అడిగితేనే వాడు చెప్పాల్సి వస్తుంది.

ఒక పిల్లవాడి సంగతి రాయకుండా ఉండలేను. ఇంటర్ చదివే మా చిన్నాన్న కొడుకు. స్కాలర్‌షిప్పు కోసం కాలేజీ వాళ్లే సున్నా నిల్వ ఖాతా తెరిపించారు. ఏడాది తర్వాత చూస్తే కనీస నిల్వ లేదని మూడు విడతల్లో 354 రూపాయలు పోయాయి. ఇద్దరం కలిసి తెల్లకాగితం మీద తెలుగులో రాసి తీసుకెళ్లాం. గుమాస్తా చదివి నవ్వాడు. "మూడొందల యాభైకి అర్జీ ఏంటి బాబూ, బస్సు ఛార్జీ అంతకంటే ఎక్కువవుతుంది కదా" అన్నాడు. నకలు మీద ముద్ర వేయమంటే ఆ ముద్ర లోపలుందన్నాడు. ఉన్నా వేయించుకునే కదిలాం. మూడో వారానికి 354 రూపాయలూ ఖాతాలో పడ్డాయి. ఎందుకు తీశారో రాయలేదు, ఎందుకు వేశారో కూడా రాయలేదు. అదే కాలేజీలో అదే రోజు అలాంటి ఖాతాలే తెరిచిన మిగతా పిల్లలకు మాత్రం రాలేదు. వాళ్లు అడగలేదు.

గుమాస్తా అన్న మాటకు జవాబు ఇంగ్లండులో దొరుకుతుంది. అక్కడ చిన్న మొత్తాల తగాదాలకు కోర్టులో లాయరు లేకుండా నడిచే సులువైన దారి ఉంది. 2006, 2007 ప్రాంతంలో ఖాతాలో డబ్బు చాలనప్పుడు వేసిన జరిమానాలు తిరిగివ్వమని వేలాదిమంది ఆ దారి పట్టారు. ఒక్కొక్కరిదీ చిన్న మొత్తమే. బ్యాంకులు చాలా కేసుల్లో విచారణ దాకా రాకుండానే డబ్బు కట్టేశాయి. తర్వాత పెద్ద కేసులో 2009 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు బ్యాంకుల పక్షాన తీర్పిచ్చింది, ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. దాన్ని దాచను. కానీ అప్పటికి అడిగినవాళ్లు తీసుకున్నారు, అడగనివాళ్లు అడగకుండానే మిగిలారు. మన దగ్గరైతే అక్కడికంటే స్పష్టమైన రిజర్వు బ్యాంకు నియమాలే రాతపూర్వకంగా ఉన్నాయి.

అప్పు వడ్డీ సంగతి ఇంతకంటే పెద్దది. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. భూబదిలీ చట్టంగానే దాన్ని గుర్తుపెట్టుకున్నాం. అందులో వడ్డీ సంగతి కూడా ఉంది. కొండవాళ్ల మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు. తెల్లదొర మన మీద ప్రేమతో రాశాడని కాదు. షావుకార్ల దెబ్బకు కొండలు తిరగబడతాయని భయపడి రాశాడు. నూరేళ్ల తర్వాత రిజర్వు బ్యాంకు నియమాల్లోనూ దాదాపు అదే మాట ఉంది. సన్నకారు, చిన్నకారు రైతు తీసుకున్న స్వల్పకాలిక పంట రుణంలో మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. ఐదెకరాల లోపు ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. అటవీ హక్కుల పట్టా మీద పంట రుణం తీసుకున్న మనవాళ్లలో ఐదెకరాలు దాటినవాళ్లు ఎంతమంది? వ్యవసాయ రుణం మీద మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2001లో చెప్పింది. కిస్తీ తప్పితే వేసే జరిమానాను వడ్డీగా మార్చి దాని మీద మళ్లీ వడ్డీ వేయడం కూడా 2024 నుంచి కుదరదు. అప్పు మంజూరైన రోజు నుంచి కాదు, డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే వడ్డీ కట్టాలి. ఇరవై వేలు తీసుకుని యాభై వేల నోటీసు అందుకున్న రైతులు మన గూడేల్లో ఉన్నారు. వాళ్లు నోటీసును చూరులో దోపి, బ్యాంకున్న వీధిలో నడవడం మానేస్తారు. సిగ్గుపడాల్సింది వాళ్లా?

పాసుబుక్కులో ఇంకో రెండు అంకెలు కనబడతాయి. ఏడాదికోసారి, మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో 20 రూపాయలు, 436 రూపాయలు. 2022కు ముందైతే 12, 330. ఇవి బీమా. మొదటిది ప్రమాద బీమా, రెండోది జీవిత బీమా. ఖాతాదారు ఒప్పుకుంటేనే కోయాలి. అడగకుండా చేర్చిన సందర్భాలు చాలా ఉన్నాయి, అది తప్పే. అయితే ఈ గీతను చూసి కోపంతో పుస్తకం మూసేయకండి. చనిపోయినవాళ్ల పాసుబుక్కు బయటికి తీయండి. ఆ ఏడాది 436 కోసి ఉంటే, మనిషి ఎలా పోయినా నామినీకి రెండు లక్షలు రావాలి. 20 రూపాయలు కోసి, ప్రమాదంలో పోతే మరో రెండు లక్షలు. చెట్టు మీంచి పడి చనిపోయిన కల్లుగీత మనిషి ఇంట్లో, లారీ కింద పడ్డ కూలీ ఇంట్లో ఆ పుస్తకం పెట్టె అడుగున ఉండిపోతోంది. నెలలోపు క్లెయిము పెట్టమంటారు. ఆలస్యమైతే కారణం రాసి అయినా పెట్టండి. మనిషి బతికుండగా అడగకుండా కోసినవాళ్లు, చచ్చాక అడగందే ఇవ్వరు.

"బ్యాంకుతో పెట్టుకుంటే రేపు లోను ఇవ్వరు" అని మన పెద్దలు భయపడతారు. షావుకారు గురించి కూడా ఇలాగే భయపడ్డారు. రేపు ఉప్పు ఇవ్వడు, విత్తనాలు ఇవ్వడు అని. అర్జీ ఇచ్చినందుకు అప్పు ఆపే హక్కు ఏ మేనేజరుకూ లేదు. ఆపితే అది రెండో ఫిర్యాదు అవుతుంది.

అర్జీ ఇచ్చి ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే దారి చెబుతారు. ఫిర్యాదు పోస్టులో పంపవచ్చు, పైసా ఖర్చు లేదు. గడువు దాటనివ్వకండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు మొత్తానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. ఒకే రకం కోత పడినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. పాడేరు కొండల్లోంచో ఉట్నూరు గూడెంలోంచో ఒక్కడు 354 రూపాయల కోసం రోజంతా బస్సెక్కి వెళ్లడం నష్టమే, గుమాస్తా చెప్పింది అంతవరకు నిజం. నలభై మంది తరఫున ఒకడు వెళ్తే లెక్క మారుతుంది. లాయరు కావాలంటే 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డ్ తెగల మనిషికి ఆదాయం ఎంతైనా ఉచితంగా ఇవ్వాలి. పది పోటీ పరీక్షలు రాసిన తమ్ముళ్లకు ఈ సెక్షను తెలియదంటే, మనం వాళ్లకు ఏం చెప్పినట్టు?

మాస్టార్లూ, మీ మీద నాకు కోపమే ఉంది. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ లెక్క చెబుతారు. "రాము 10,000 రూపాయలు బ్యాంకులో వేసెను" అని మొదలుపెడతారు. బ్యాంకు రాము దగ్గర ఏం తీసుకుందో ఎవరూ అడగరు. ఒక్క నెల ఆ రామును పక్కన పెట్టండి. ప్రతి పిల్లా తన ఇంటి పాసుబుక్కులో ప్రింటు వేయించి తేవాలి. తీసిన ప్రతి గీతకూ పేరు రాయాలి. ఖాతా నంబరు మీద కాగితం అంటించి తెమ్మనండి, ఓటీపీ, పిన్ను ఎవరికీ చెప్పకూడదన్న పాఠం కూడా అప్పుడే అయిపోతుంది. ఆశ్రమ పాఠశాలలో ఒక తరగతికి ముప్పై పుస్తకాలు వస్తాయి. ఆ ముప్పైలో ఎన్ని తప్పుడు కోతలున్నాయో అదే నెలలో ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి ముందు, జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు ముందు పెట్టండి.

అర్జీ ఎలా రాయాలో తెలియదంటారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను, ఎత్తి రాసుకోండి. "నా ఖాతా నుండి ఫలానా తేదీన ఫలానా మొత్తం తీసుకున్నారు. ఏ నియమం ప్రకారం తీసుకున్నారో, నాకు ముందుగా ఏ తేదీన తెలియజేశారో రాతపూర్వకంగా తెలపండి. నియమం లేనిచో ఆ మొత్తాన్ని జీఎస్టీతో సహా తిరిగి జమచేయండి. ఇది ప్రాథమిక పొదుపు ఖాతా కానిచో, దీన్ని ఆ ఖాతాగా మార్చండి." కింద సంతకం, లేదా వేలిముద్ర. వేలిముద్ర పక్కన చదివి వినిపించినవాళ్ల సంతకం. రెండు ప్రతులు. రెండోదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ. ముద్ర వేయనంటే గొడవపడకుండా పోస్టాఫీసుకు వెళ్లి స్పీడు పోస్టు చేసి, ఆ రసీదును పాసుబుక్కులోనే పెట్టండి.