లైసెన్సున్న తూటా, లైసెన్సు లేని బాణం

1950లలో కెన్యాలో ఏనుగును చంపడం నేరమా కాదా అన్నది చంపినవాడి తాహతును బట్టి తేలేది. డబ్బున్న అమెరికన్ నైరోబీలో దిగి, ఫీజు కట్టి, తెల్ల వేటగాణ్ణి కుదుర్చుకుని, డేరాలు, వంటవాళ్లు, లారీలతో అడవికెళ్లి దంతాల ఏనుగును కూల్చితే అది క్రీడ. 1953లో అమెరికన్ రచయిత హెమింగ్వే సఫారీకి వెళితే ‘లుక్’ పత్రిక తన ఫొటోగ్రాఫర్‌నే వెంట పంపింది. సావో ప్రాంతపు వలియాంగులు తెగవాడు ఏనుగును బాణంతో కొడితే మాత్రం జైలు. తరతరాలుగా ఏనుగు వేటే వాళ్ల బతుకు. వాళ్ల విల్లు లాగడానికి వంద పౌండ్లకు పైగా బలం కావాలి. ఒక చెట్టు కొమ్మలూ వేళ్లూ ఉడికించి తీసిన నల్లటి విషం బాణానికి పూసి, అది ఎండిపోకుండా పల్చటి తోలు చుట్టేవాళ్లు. వాళ్లు తిరిగే నేల 1948లో సావో నేషనల్ పార్కులో కలిసింది. 1956-57లో వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్ దళాలు గాలించి, పేరుమోసిన వేటగాళ్లను జైలుకు పంపాయి.

సఫారీ వేటగాళ్లకు నియమాలుండేవి కదా అంటారు. నిజమే. 1934లో వాళ్లు సంఘం పెట్టుకున్నారు. బండిలోంచి కాల్చడం తప్పు, గాయపడిన జంతువును వదిలి రావడం అంతకన్నా తప్పు. ఫీజులు ప్రభుత్వానికి ఆదాయం. వలియాంగులు దంతాలు తీర ప్రాంత వ్యాపారుల చేతికి చేరేవన్నదీ అబద్ధం కాదు. అయితే అమ్మకమే నేరమైతే శిక్ష ముందుగా పడాల్సింది ఆ వ్యాపారులకు. నియమాలు పాటించే అవకాశమైనా వలియాంగులుకు ఎవరిచ్చారు? లైసెన్సు వాళ్లు కొనగలిగేది కాదు. ఈ అన్యాయం అధికారులకూ తెలుసు. అందుకే 1960లో పార్కు పక్కన గలానా పథకం పెట్టి, ఏనుగుల వేటను చట్టబద్ధం చేసి వలియాంగులుకు బతుకుతెరువు చూపాలనుకున్నారు. ఆలోచన మంచిదే, కానీ పెత్తనం వాళ్ల చేతికి రాలేదు. ఆ దశాబ్దం ముగిసేలోగా ఆ నేల పశువుల రాంచ్‌గా మారే దారి పట్టింది.

మరి వేటనే నిషేధిస్తే? 1977లో కెన్యా ఆ పనీ చేసింది. తెల్ల వేటగాళ్ల కాలం ముగిసింది గానీ ఏనుగుల చావు ఆగలేదు. తుపాకుల ముఠాలు సావోను ఊడ్చేశాయి. 1989లో అధ్యక్షుడు మోయ్ పన్నెండు టన్నుల దంతాలకు నిప్పు పెట్టాల్సి వచ్చింది. బోట్స్వానా కూడా 2014లో వేటను నిషేధించి, 2019లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. వేట ఉండాలా వద్దా అని లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ వాదించేవాళ్లకు లోటు లేదు. ఏనుగులు పంట తొక్కేసిన గ్రామానికి లైసెన్సు సొమ్ములో వాటా ఎంత, వేట వద్దనే హక్కు దానికి ఉందా అన్నదే ముందు తేలాలి. గలానాలో తేలకుండా పోయింది అదే.