జీలుగు కల్లు... చెట్టు చివరి కానుక!

ఏ వోడ్కా మేలని నగరాల్లో వాదించుకుంటారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి అడవుల వైపు వెళితే ఆ పోటీ కల్లు కుండల మధ్యే! ఈత, తాటి, జీలుగు... దేని దారి దానిదే. ఈతచెట్టుకు మొవ్వు కింద కాండాన్ని గీస్తారు. తాటికీ, జీలుగుకీ పూలగెల చివర చెక్కి కుండ కడతారు.

వోడ్కాను బట్టీలో దించి, వడగట్టి వాసన పోగొడతారు. కల్లుకు వాసనే ప్రాణం! తెల్లారగట్ల దించితే తియ్యన. ఎండెక్కేకొద్దీ పులుపు, దాంతోపాటే మత్తు. అందుకే రుచి తెలియాలంటే పొద్దున్నే, చెట్టు కిందే, అదీ మితంగా తాగాలి. సీసాకెక్కి ఊరు దాటితే ఆ రుచి ఉండదు.

జీలుగు కథలో ఓ విషాదం ఉంది. తాటిచెట్టు ఏటా గెలలేస్తుంది. జీలుగు మాత్రం ఏళ్లతరబడి పెరిగి, ఎదిగాకే గెల వేస్తుంది. తొలి గెల పైన... తర్వాతవి ఒక్కొక్కటిగా కిందికి. ఆఖరి గెలతో చెట్టు ఆయువూ తీరిపోతుంది. గీసినా, గీయకపోయినా అంతే!

అంటే తొలి కుండ కట్టిన రోజే చెట్టు వీడ్కోలు మొదలైనట్టు. పక్కన ఓ మొక్క ఎదుగుతుంటే సరే. లేదంటే మనవళ్లకు మిగిలేది రుచి కాదు, ముచ్చటే!