పాటను పట్టుట

మా పెద్దమ్మాయి కళాశాలలో చలనచిత్ర శబ్దగ్రహణవిద్య నభ్యసించుచున్నది. గతమాసమున పాఠములో భాగముగా నాయనమ్మ మంగళహారతి పాటలను పట్టుకొనవలెనని కెమెరాతో నింటికి వచ్చినది. మా యత్తగారికి 82 ఏండ్లు; ఆ పాటలు మఱి యెవ్వరికిని రావు, మాకును సగమే వచ్చును.

బొమ్మ చక్కగా కుదిరినది. పాట మాత్రము పంకా హోరులో మునిగిపోయినది! మైకు కెమెరాపై నుండుటయే తప్పట. కెమెరా దూరమునుండియు ముఖమును దగ్గఱగా చూపగలదు గాని మైకున కట్టి శక్తి లేదు; దూరము పెరిగిన కొలది గొంతు క్షీణించును, గదిలోని హోరు తగ్గదు.

మఱునాడు పంకా నాపి, కిటికీలు మూసి, ప్రతిధ్వని యడగుటకై గోడలకు దుప్పట్లు వ్రేలాడగట్టి, మైకును జానెడు దూరమున నుంచి వేఱొక రికార్డరునకు తగిలించినది. పాటకు ముందొక్కమాఱు చప్పట చఱచినది. కెమెరా సెకనునకు 25 బొమ్మలను, రికార్డరు 48,000 శబ్దపు కొలతలను దేనికది గ్రహించును గదా. చేతులు కలిసిన బొమ్మను ఆ చప్పుడుతో జతపఱచినచో పెదవులును పాటయు కలియును. పిమ్మట అరనిమిషము అందఱము నూరకుండితిమి. ఆ నిశ్శబ్దమును దాచి అతుకుల నడుమ వాడుదురట! అప్పుడే ఫ్రిజ్జు గొణిగినది; మేమే పోయి యాపితిమి.

అత్తగారు రెండు పాటలు పాడి యలసిరి. మిగిలినవి వచ్చు సెలవులలో. అందాక వారు చెప్పుచుండగా చరణములను మేము వ్రాసికొనుచున్నాము.