యామన్‌పల్లి హీరో

రాక్షసబల్లి సినిమాని హాల్లో చూడటం వేరు, ఆరుబయట చీకట్లో చూడటం వేరు. హాల్లో భయం తెర మీదే ఉంటుంది. ఆరుబయట అయితే, వీపు వెనక కూడా ఉంటుంది!

ఈమధ్య ముదినేపల్లిలో ఆ సరదా తీరింది. రెండు వెదురు గెడలకు తెల్లగుడ్డ కట్టి, స్పీల్‌బర్గ్ 1993లో తీసిన ‘జురాసిక్ పార్క్’ వేశారు. మాటలు హిందీవి. అయితేనేం, కేకలకు అనువాదం అక్కర్లేదు కదా! రాక్షసబల్లుల డీఎన్ఏలో ఖాళీల్ని కప్ప డీఎన్ఏతో పూడ్చామని తెర మీద చెబుతుంటే, వరిచేలో కప్పలు బెకబెకమని వంతపాడాయి.

రెండు గంటల ఏడు నిమిషాల బొమ్మలో రాక్షసబల్లులు కనిపించేది సుమారు పావుగంట. అందులో కంప్యూటర్ సృష్టి దాదాపు ఆరు నిమిషాలే. తక్కినవి స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన మరబొమ్మలు. టి.రెక్స్ వస్తుంటే గ్లాసులో నీళ్లు వణుకుతాయే, అది గిటారు తీగ మీటి తెప్పించిన వణుకు! గర్జనలో ఏనుగు పిల్ల అరుపు కూడా కలిపారు. తక్కువ చూపించి ఎక్కువ భయపెట్టడమంటే అదీ. మన గ్రాఫిక్స్ బాబులు వింటున్నారా?

“ఏమయ్యా, ఇయ్యి మన పక్క కూడా తిరిగినియ్యా?” అన్నాడు నా పక్కనున్న పెద్దాయన. “అయ్యన్నీ అమెరికావి తాతా” అని తేల్చేశాడో కుర్రాడు. నేను ఊరుకోలేకపోయాను.

కృష్ణా డెల్టా ఒండ్రునేల. రాక్షసబల్లుల లెక్కలో నిన్నమొన్నటిది. ఇక్కడ ఆ ఎముకలు దొరకవు. గోదావరి లోయలో మాత్రం దొరికాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడిన ఓ శాకాహారికి భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. సిసలైన జురాసిక్ యుగపు జీవి అది. టి.రెక్స్ పుట్టింది ఆ యుగం ముగిశాక ఏడు కోట్ల ఏళ్లు దాటాకే! అంటే సినిమా టైటిల్ మీద అసలు హక్కు మన యామన్‌పల్లి జీవిదే.

ఆ కుర్రాడికి టి.రెక్స్ జాతకం కంఠతా వచ్చు. కోటసారస్ పేరు ఆ రాత్రే విన్నాడు. వాడిదేం తప్పు? వాడికి ఎవరు చూపించారు గనక? మీరైనా హైదరాబాద్ వెళితే బిర్లా సైన్స్ సెంటర్లో దాని అస్థిపంజరం చూసి రండి.

మరో ముక్క. ఆ ఎముకలు ఒక్క జంతువువి కావు. ఒకేచోట కనీసం పన్నెండు! అన్నీ ఒక్కచోటే ఎలా ఒరిగాయి? ఇంతకంటే మంచి మొదటి సీను ఏ రచయితకి కావాలి?