తానీషా తరువాత

గోల్కొండ నవాబు తానీషా బందరు వెళుతూ మా కూచిపూడిలో మజిలీ చేసి, భాగవతులవారి ఆటకు మెచ్చి, 1678లో ఊరినే అగ్రహారంగా రాసి ఇచ్చాడని చెప్పుకుంటారు. అర్జీ లేదు, అంచనా లేదు; ఆట బాగుంటే చాలింది!

మొన్న అరుగుమీద ఒక పెద్దాయన, "మన వీధి మురుగుకాలవకు అమెరికా వాళ్ళను అడగరాదూ, మేష్టారూ?" అన్నారు. అడగవచ్చు. ప్రవాసాంధ్రుల సిలికానాంధ్ర సంస్థ పూనికతో, దాతల చందాలతో ఇక్కడ సంజీవని ఆసుపత్రి లేచింది గదా. కాని ఆసుపత్రి మీదికి పోయినట్టు దాత మనసు మురుగుకాలవ మీదికి పోదు. ఆయన పేరు చెక్కిన పలక ఎక్కడ పెడతాం, కాలవ గట్టునా?

కాలవకు వేరే దారి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో నూటికి 60 పాళ్ళు మంచినీటికి, పారిశుద్ధ్యానికే కట్టిపెట్టింది. తక్కిన 40 ఊరి అవసరాన్ని బట్టి. జీతాలకు మాత్రం వాడరాదు. ఇది దానం కాదు, హక్కు. అయితే ఎన్నికైన పాలకవర్గం ఉండాలి, లెక్కలు తనిఖీ కావాలి. 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరగక, కేంద్రం సొమ్ము ఆగిపోయింది కూడాను. ఆపైన, కాలవ పేరు ఊరి ప్రణాళికలోకి ఎక్కాలి. ఎక్కించేది గ్రామసభ.

"పోయినసారి సభకు వెళ్ళారా, బాబాయిగారూ?" అన్నాను.

"ఆ రోజు మనమరాలి నాట్యం ఉందయ్యా!"

నిజమే. ఆ నాట్యం చూస్తూ ఆయన పక్కన కూర్చున్నది నేనే.